ఆరు నాలుగు దూలం

బాలింతకు పనేముంటుంది? తినడం, పాలివ్వడం, వెల్లకిలా పడుకుని ఇంటి కప్పు చూడటం. పొద్దస్తమానం కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్లు కుట్టే నాకు ఊరికే పడుకోవడం శిక్షలా ఉండేది. సిద్దిపేటలో మా పుట్టింటిది గూన పెంకుల ఇల్లు. ముందు గది నిండా బాపు మగ్గమే ఉంటుంది కాబట్టి నన్నూ పాపనూ లోపలి గదిలో పడుకోబెట్టారు. ఆ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక దూలం ఉంది. పెంకుల కింది వాసాలన్నీ దాని మీదే ఆనుకుని ఉంటాయి. ఆ దూలం కొత్తది. దాన్ని చూస్తే నాకు భయం వేసేది.

ముందే చెప్పేస్తాను, నేను పిరికిదాన్ని కాదు. నా కుట్టు దుకాణం ఖాళీ చెయ్యమని దబాయించడానికి వచ్చిన మనిషిని చేతిలో కత్తెర కింద పెట్టకుండానే సాగనంపాను. కానీ నా మొదటి కాన్పు చేతికి రాలేదు. ఏడో నెలలో పోయింది. ఆ తర్వాత ఎన్నో మొక్కులకు ఈ పాప. ఊపిరి తీస్తోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే రోజులవి. అలాంటప్పుడు సరిగ్గా పాప తల మీదుగా పోయే దూలం గోడలో వదులుగా ఉందని తెలిస్తే ఏ తల్లికి నిద్ర పడుతుంది?

పాత దూలానికి చెదలు పట్టింది. నాకు తొమ్మిదో నెల పడగానే బాపు దాన్ని మార్చాలని పట్టుబట్టాడు. చిన్నప్పుడు నన్ను ఆ దూలానికే తొట్టెల కట్టి ఊపారు. నా బిడ్డనూ అక్కడే ఊపాలని ఆయన కోరిక. మా వైపు ఇరవై ఒకటో రోజున తొట్టెల కట్టి, అందులో బిడ్డను వేసి, పేరు పెడతారు. ఇప్పుడు చాలామందివి స్లాబు ఇళ్లే. స్లాబుకు ఇనుప కొక్కెం ఉంటుంది, దానికి చీర కట్టేస్తే అయిపోతుంది. మా ఆయన అక్కది బెజ్జంకి దగ్గర. "మా ఇంట్ల చేద్దాం, కొక్కెం ఉన్నది గద" అని ఆవిడ అడిగింది కూడా. బాపు ముఖం మాడ్చుకుని, "ఏం, మా ఇంట్ల దూలం లేదా" అన్నాడు. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వడ్లాయన వచ్చి పాత దూలం దించి, గోడలో మిగిలిన గూడు కొలిచాడు. ఎత్తు ఆరు ఇంచులు, వెడల్పు నాలుగు ఇంచులు. బాపు కట్టె కోసే మిషనుకు పోయి ఆరు నాలుగు మద్ది దూలం కావాలన్నాడు. వాళ్లు కొత్తగా కోసి ఆరు నాలుగే ఇచ్చారు. తొట్టెల చీరకు పెచ్చులు తగలొద్దని బాపు ముచ్చటపడి దానికి నాలుగు దిక్కులా రంద, అంటే చిత్రిక, పట్టించాడు. అరచేత్తో నిమిరితే పాప బుగ్గలా ఉండాలట. నున్నగానే వచ్చింది. పసుపు రాసి, బొట్లు పెట్టి, గోడల్లోని గూళ్లలోకి ఎక్కించారు.

నేను కడుపు పట్టుకుని గడప దగ్గర నిలబడి చూశాను. దూలానికీ గోడకూ మధ్య నా చిటికెన వేలు దూరేంత సందు ఉంది. పైన కూడా అంతే. పాత దూలం గోడలోనే మొలిచినట్టు ఉండేది. ఇదేమో పెద్దవాళ్ల చెప్పుల్లో పిల్లల కాలులా ఉంది. వడ్లాయన ఆ సందుల్లో పచ్చరలు, అంటే ఒక పక్క సన్నగా చెక్కిన కట్టె ముక్కలు, సుత్తితో కొట్టి బిగించాడు. మీద మట్టి మెత్తి సున్నం పూశాడు. "ఏం కాదు, గట్టిగ కూసున్నది" అన్నాడు. బాపు కూడా దూలాన్ని ఒకసారి తట్టి చూసి, ఏం కాదు అన్నాడు.

పాప ఎండాకాలంలో పుట్టింది. దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన నాడే మధ్యాహ్నం ఆ చప్పుడు విన్నాను. పైన పెంకులు కాగుతున్నాయి. పాప పాలు తాగి అప్పుడే కళ్లు మూసింది. టప్ మని, ఎండు కొమ్మ విరిచినట్టు ఒక్క చప్పుడు. మళ్లీ ఏమీ లేదు. నేను పాప మీద వంగి, రెండు చేతులూ అడ్డం పెట్టి అలాగే ఉండిపోయాను. అవ్వ, అంటే మా అమ్మ, లోపలికి వచ్చింది.

"ఏందే, గట్ల కూసున్నవు? నడుము పోతది."

"దూలం చప్పుడైందవ్వా."

"పచ్చి కట్టె, ఎండుతున్నది. చప్పుడు గాకపోతే పాట పాడ్తదా?"

పచ్చి కట్టె అన్న మాట అవ్వ తేలిగ్గా అనేసింది గానీ నేను దాన్ని వదల్లేకపోయాను. ఎండితే ఏమవుతుంది? బట్ట ఏమవుతుందో నాకు తెలుసు. లైనింగు గుడ్డను ముందు తడిపి ఆరబెట్టకుండా కుడితే మొదటి ఉతుకులోనే జాకెట్టు చంకల్లో పట్టేస్తుంది. కట్టె కూడా అలాగే గుంజుకుంటే ఆ పచ్చరలు దేన్ని పట్టుకుని ఉంటాయి?

దానికి తోడు అవ్వ కుంపటి. పొద్దూ మాపూ నిప్పులు తెచ్చి నా మంచం కింద పెట్టేది. బాలింత నడుముకు కాపడం తగలాలి, పసిపిల్లకు సాంబ్రాణి పొగ పట్టాలి. ఆ వేడీ ఆ పొగా నేరుగా పైకి పోయి దూలాన్ని చుట్టుకునేవి. బయటి ఎండ చాలదన్నట్టు లోపలి నుంచి మేమే దాన్ని ఎండబెడుతున్నాం. "కుంపటి వద్దవ్వా, ఉడకపోస్తున్నది" అంటే, "వాతం కమ్మితే అప్పుడు తెలుస్తది, మూసుకొని పండు" అనేది. మా అవ్వతో వాదించి గెలిచినవాళ్లు మా గల్లీలో ఇంకా పుట్టలేదు.

కొన్ని రోజులకు సున్నం పెచ్చు ఒకటి ఊడి పాప చెంప మీద పడింది. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. నేను పైకి చూశాను. గోడ మూలలో సున్నం రాలిన చోట పచ్చర కనిపిస్తోంది. గోడలోపల ఉండాల్సిన ముక్క బయటికి తొంగిచూస్తోంది. మరునాడు చూస్తే ఇంకొంచెం బయటికి వచ్చినట్టు అనిపించింది. నిజంగా వచ్చిందా, నా కళ్లకే అలా ఉందా అని ఎంతసేపు చూసినా తేలలేదు. మంచం జరపమని గోల చేస్తే అవ్వ జరిపింది. అది ఎంత గది గనక? ఎటు జరిపినా దూలం మా మీదే ఉంది.

మా ఆయన గల్ఫులో ఉంటాడు. స్లాబు పోసే ముందు కింద చెక్కలూ కట్టెలూ బిగించడం ఆయన పని. రోజూ పనికి పోయే ముందు పాపను చూడటానికి వీడియో కాల్ చేసేవాడు. ఆ రోజు పాపను చూపించకుండా ఫోన్ కప్పు వైపు తిప్పాను.

"గిదేంది, పిల్లను సూపియ్యిమంటే కట్టెను సూపిస్తున్నవు" అన్నాడు. తర్వాత జాగ్రత్తగా చూసి, "ఎంత కట్టె అది?" అని అడిగాడు.

"ఆరు నాలుగు."

ఆయన నవ్వాడు. "ఆరు నాలుగు అనేది పేరే. టేపు పెట్టి సూసిన్రా?"

"అంటే మిషనోళ్లు మోసం చేసిన్రా?"

"మోసం గాదు. పచ్చి మొద్దు మీద గీత గీసినప్పుడు అది ఆరు నాలుగే. రంపం కొంత తింటది, గా పొట్టంత ఏడికెళ్లి వస్తదనుకున్నవు? ఎండితే కొంత గుంజుకుంటది. రంద పడితే నాలుగు దిక్కుల కొంత పోతది. అన్ని పోంగ మిగిలిందే మన చేతికి వస్తది. పేరు మాత్రం మొద్దుల ఉన్నప్పటిదే. ఈడ గూడ గంతే. రెండు నాలుగు అంటరు, టేపు పెడితే ఒకటిన్నర, మూడున్నర. అందరికి ఎరికే, ఎవ్వలు అడగరు."

"మరి గోడల గూడు?"

"గోడ గుంజుకోదు గద" అన్నాడు, ఇంకా నవ్వుతూనే. "ఎప్పుడు కోసిన కట్టె?"

"నాకు తొమ్మిదో నెల పడ్డంక బాపు తెచ్చిండు. మొద్దు అప్పుడే కోసిన్రట."

అక్కడితో నవ్వు ఆగిపోయింది. దూలాన్ని ఇంకోసారి చూపించమన్నాడు. చూసి, "అయితే ఇంక గుంజుకుంటది" అన్నాడు. "దాని కింద పండకు. తొట్టెల దానికి కట్టనియ్యకు. ఊకె ఉన్న బరువైతే ఎట్లనో మోస్తదేమో గని, ఊపుడు పడితే పచ్చరలు ఊడివస్తయి." పక్కన ఎవరో ఆయన్ని పనికి పిలిచారు. పోతున్నా అని కూడా అనకుండా పెట్టేశాడు.

ఆ సాయంత్రం బాపు అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని విన్నాడు.

"నలభై ఎనిమిది ఇంచుల పన్నా చీరె అంటే మేం మగ్గం మీద యాభై పెడ్తం" అన్నాడు. "మగ్గం దిగినంక బట్ట గుంజుకుంటది గదా. గా నష్టమంత మా దిక్కు ఉంటది. కొనేటోని చేతిల నలభై ఎనిమిది ఉండాలె. ఏ పేరుతోని అమ్మితే గంత ఉండాలె గద బిడ్డా. కట్టెటోడు గూడ గట్లనే ఇస్తడనుకుంటరు ఎవరైనా."

ఆయన చెప్పింది న్యాయమే. బట్టల లోకంలో పుట్టి పెరిగిన మనిషికి కట్టెల లోకపు రివాజు ఎలా తెలుస్తుంది? బట్టకు పేరు చివరి కొలత. కట్టెకు పేరు మొదటి కొలత. ఈ రెండింటి మధ్య ఉన్న చిటికెన వేలంత సందులో నా పాప పడుకుని ఉంది.

"అందుకే తొట్టెల దానికి వద్దు బాపూ."

"ఏం కాదు" అన్నాడు బాపు, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

అవ్వ ఊరుకోలేదు. "శుభమా అని తొట్టెల కడ్తుంటే పడ్తది పడ్తది అని గవేం మాటలే? పైన తథాస్తు దేవతలుంటరు" అంది. తర్వాత పక్కింటామెతో, నాకు వినపడదనుకుని, "మొదటిది గట్ల అయిన కాన్నించి దీనికి అన్నిట్ల భయమే" అనడం గోడ ఇవతల నుంచి విన్నాను. ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. అయినా నిజం చెప్పాలంటే, వాళ్లు నన్ను పిచ్చిదాన్ని చేసినప్పుడల్లా నాకు లోపల కొంచెం హాయిగా ఉండేది. అందరూ ఏం కాదంటున్నారంటే ఏం కాదేమో. నా భయమే వట్టిదేమో. ఆ ఆశతోనే అప్పుడప్పుడు కన్ను మూతపడేది.

ఇరవై ఒకటో రోజు రానే వచ్చింది. ఇల్లు కడిగి, గడపకు పసుపు రాసి, కొత్త చీరతో తొట్టెల కట్టారు. ముడి దూలం చుట్టూ వేస్తుంటే నేను మూలలోని పచ్చర వైపు చూశాను. వదినె బెజ్జంకి నుంచి కొత్త బట్టలు తెచ్చింది. మా ఆయన కూడా చూడాలని ఫోన్ తెరిచి దీపం గూట్లో నిలబెట్టింది. గదంతా ఆడవాళ్లే. ఈ వేడుకలో మగవాళ్లకు పని లేదు. బాపు బయట అరుగు మీద ఉన్నాడు.

మా వైపు బిడ్డ కంటే ముందు సన్నికల్లు పొత్రాన్ని తొట్టెలలో వేస్తారు. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పసిపిల్లలా బట్టలో చుట్టి ఊపుతారు. రాయిలా గట్టిగా బతకాలని. పొత్రం మా పాప కంటే చాలా బరువు. వదినె దాన్ని వేసి ఊపుతుంటే నేను మూల వైపే చూస్తున్నాను. దూలం కిక్కురుమనలేదు. "సూస్తివా?" అన్నట్టు అవ్వ నా వైపు చూసింది. కానీ ఆ రాయిని ఏదో శాస్త్రానికి కొంచెం కదిపి తీసేశారు. పాప సంగతి అట్లా కాదు. ఒక్కొక్కరు వచ్చి ఊపాలి. పాట ఒడిసేదాకా, అంటే ముగిసేదాకా, ఊపాలి.

"ఊపకుంట పాట పాడున్రి" అన్నాను. అందరూ నవ్వారు. "ఊపకుంట జోలపాటేంది పిల్లా" అని వదినె నా చేతుల్లోంచి పాపను తీసుకుంది. ఇవ్వనని గట్టిగా పట్టుకోవాల్సింది. పట్టుకోలేకపోయాను. అంతమంది ముందు, అంత మంచి రోజున, కట్టె ముక్క పేరు చెప్పి బిడ్డను దాచుకుంటే ఏమనుకుంటారోనన్న సిగ్గు నా చేతులను వదులు చేసింది. వదినె పాపను తొట్టెలలో పడుకోబెట్టి, చెవిలో పేరు చెప్పి, పాట అందుకుంది. తొట్టెల అటూ ఇటూ ఊగుతోంది. ఊగిన ప్రతిసారీ పైన సన్నగా కిర్రుమంటోంది. పాటలో ఆ చప్పుడు ఎవరికీ వినపడటం లేదు.

అప్పుడు బాపు లోపలికి వచ్చాడు. చేతిలో స్టూలు ఉంది. ఎవరి వైపూ చూడకుండా ఆడవాళ్ల మధ్యలోంచి మూలకు పోయి, స్టూలు వేసుకుని ఎక్కి, దూలం గోడలో కలిసే చోట అరచెయ్యి ఆనించాడు.

"సున్నం రాలుతున్నది. పిల్ల కండ్లల్ల పడ్తది" అన్నాడు.

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "తాతకు బయట కాలు నిలుస్తలేదు" అన్నారు. పాట ఇంకా హుషారుగా సాగింది. నేను మాత్రం బాపు చేతినే చూశాను. సున్నం రాలకుండా పట్టుకునే చెయ్యి అలా ఉండదు. మణికట్టు దగ్గరి ఎముకతో ఆయన పచ్చరను లోపలికి నొక్కి పట్టాడు. తొట్టెల ఒక వైపు పోయినప్పుడల్లా ఆయన మోచెయ్యి అదురుతోంది. ఇంకో చేత్తో మొదటి చేతిని అదిమాడు. జీవితమంతా మగ్గం మీద ఆడిన చేతులవి. నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. తన మనవరాలి తొట్టెల వైపు ఒక్కసారీ చూడలేదు. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు, పెదవులు మాత్రం కదులుతున్నాయి.

నేను లేచాను. ఊపుతున్న మనిషిని పక్కకు నెట్టి, ఊగుతున్న తొట్టెలను ఒడిసిపట్టి ఆపి, పాపను ఎత్తుకున్నాను.

"పాట ఒడువలేదు గదనే" అంది వదినె, నోరు తెరిచి.

"ఒడిసింది" అన్నాను. పాపను గుండెకు అదుముకుని గడప దాటాను.

నేను గడప దాటేదాకా చూసి బాపు చేతులు తీశాడు. పచ్చర జారి కింద పడింది. దూలం నిద్రలో మనిషి ఒత్తిగిల్లినట్టు గూట్లో ఒక పక్కకు తిరిగింది. పైన పెంకులు కదిలి, దుమ్మూ మట్టీ ఖాళీ తొట్టెలలో రాలాయి. దూలం పడలేదు. అంతవరకే. ఆడవాళ్లంతా నెత్తిన కొంగులు కప్పుకుని వాకిట్లోకి పరుగెత్తారు. దీపం గూట్లోని ఫోన్లోంచి మా ఆయన ఏమైంది ఏమైంది అని అరుస్తున్నాడు. అవ్వ వాకిట్లో కూలబడి, పాప కాలు పట్టుకుంది.

బాపు మాత్రం లోపలే ఉన్నాడు. స్టూలు మీద నిలబడి తొట్టెల ముడి విప్పుతున్నాడు. ఊగి ఊగి బిగిసిన ముడి రావడం లేదు. నేను గడప దగ్గరికి వచ్చి బయటికి రమ్మని పిలిచాను. రాలేదు.

"నీకు తెలుసా బాపూ?" అని అడిగాను.

"తెలుసు బిడ్డా."

"ఎప్పటిసంది?"

"ఎక్కిచ్చిన నాటి సంది."

"మరి నేను మొత్తుకుంటుంటే ఏం కాదు, ఏం కాదు అంటివి?"

ఆయన ముడి మీది నుంచి చెయ్యి తీశాడు. "నోటితోని అంటే అయితదేమోనని బుగులైంది బిడ్డా. మొదటిది గట్ల పాయె. ఇది గూడ నా నోటికెళ్లి..." అని ఆగిపోయాడు.

అన్ని రోజులూ నన్ను ఒక్కరైనా నమ్మితే చాలని కొట్లాడాను. తీరా నమ్మాక నాకు నిలబడటానికి జాగ లేకుండా పోయింది. బాపు ఏం కాదంటున్నన్నాళ్లూ నేను పిచ్చి బాలింతను, పాప క్షేమం. ఇప్పుడు ఆ మాట కూడా పోయింది. నా భుజం మీద పాప ఏమీ ఎరగనట్టు నిద్రపోతోంది. అలవాటు కొద్దీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

"ఏం కాదని ఒక్కసారి అను బాపూ" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు, పాప వైపు చూశాడు. మళ్లీ ముడి మీద చెయ్యి వేశాడు.